ఎసిటిలీన్ సిలిండర్‌ను సురక్షితంగా వాడే విధానం

మిగతా ఇంధన వాయువులు మండాలంటే గాలి గానీ ఆక్సిజన్ గానీ తోడు కావాలి. లోహాలను కోయడానికి, అతికించడానికి వాడే ఎసిటిలీన్ మాత్రం పీడనం పెరిగినా, తగినంత వేడి తగిలినా, ఆక్సిజన్ లేకుండానే కార్బన్, హైడ్రోజన్‌లుగా విడిపోయి పేలగలదు. అందుకే సిలిండర్‌లో దానిని ఒట్టి వాయువుగా నింపరు. సన్నటి రంధ్రాలున్న ఘనపదార్థానికి అసిటోన్ అనే ద్రవాన్ని పట్టించి, ఆ అసిటోన్‌లో ఎసిటిలీన్‌ను కరిగించి ఉంచుతారు.

సిలిండర్‌ను నిలువుగా నిలబెట్టి గొలుసుతో కట్టాలి. పడుకోబెట్టి తెచ్చిన సిలిండర్‌ను వెంటనే తెరిస్తే అసిటోన్ రెగ్యులేటర్‌లోకి (పీడనాన్ని తగ్గించి అదుపులో ఉంచే పరికరం), హోస్‌లోకి (వాయువు వెళ్లే గొట్టం) వచ్చేస్తుంది కాబట్టి, కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే వాడాలి. వాయువును మరీ వేగంగా లాగినా ఇదే ఇబ్బంది వస్తుంది. పెద్ద టార్చ్ (వాయువును మండించి మంటను ఇచ్చే పరికరం) వాడేవారు ఒకే సిలిండర్‌పై భారం వేయకుండా రెండు మూడింటిని కలపడం మంచిది.

రెగ్యులేటర్ తర్వాత పీడనం చదరపు అంగుళానికి 15 పౌండ్లు దాటకూడదు. పని త్వరగా అవుతుందని రెగ్యులేటర్ స్క్రూను ఇంకాస్త బిగించే అలవాటు ఎంత అనుభవజ్ఞులకైనా తగదు. సిలిండర్ వాల్వ్‌ను ముప్పావు చుట్టు తిప్పితే సాధారణంగా సరిపోతుంది. ఒకటిన్నర చుట్టుకు మించి తిప్పకూడదు, తిప్పే కీని వాల్వ్ మీదే ఉంచాలి. అప్పుడే ప్రమాదవేళ క్షణంలో మూసేయగలుగుతాము. ఎసిటిలీన్, ఆక్సిజన్ హోస్‌లు రెండింటికీ ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు (మంట వెనక్కి పాకకుండా ఆపే పరికరాలు) తప్పనిసరి. రాగి గొట్టం ముక్కతో హోస్‌లను అతికించడం ఎంత తేలికగా కనిపించినా చేయరాదు; ఎసిటిలీన్ రాగితో కలిసినప్పుడు ఏర్పడే ఎసిటిలైడ్ అనే పదార్థం చిన్న తాకిడికే పేలుతుంది.

స్వచ్ఛమైన ఎసిటిలీన్‌కు పెద్దగా వాసన ఉండదు గానీ, మార్కెట్లో దొరికేదానికి మలినాల వల్ల వెల్లుల్లి వాసన ఉంటుంది. గాలిలో దాదాపు 2.5 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. కాబట్టి లీకు ఉందేమోనని అనుమానం వస్తే అగ్గిపుల్లతో కాక, సబ్బు నీళ్లతోనే పరీక్షించాలి.

సిలిండర్ దానంతట అదే వేడెక్కుతుంటే లోపల విచ్ఛిన్నం మొదలైందని అర్థం. దానిని కదపకుండా, అందరినీ దూరం పంపి, అగ్నిమాపక సిబ్బందిని పిలవాలి. మంట ఆరినా, వెలుపలి భాగం చల్లబడినా లోపలి చర్య గంటల తరబడి సాగవచ్చు కనుక, వారు చెప్పేవరకు ఎవరూ దగ్గరకు వెళ్లకూడదు.