స్పోర్ట్స్ కారుకు చిన్న రిమ్ములు, చలికాలం టైర్లు ఎలా వేసుకోవాలి?

అమెరికాలోని మిషిగన్‌లో మార్చి వచ్చిందంటే రోడ్ల నిండా గుంతలే. పగుళ్లలోకి దిగిన నీళ్లు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతాయి, పగలు కరుగుతాయి. అలా నెల రోజులు జరిగేసరికి తారు పెళ్లలు పెళ్లలుగా లేచిపోతుంది. నాలుగేళ్ల కిందట అలాంటి గుంతలోనే నా టొయోటా జీఆర్ 86 ముందు చక్రం పడింది. దిగి చూస్తే 18 అంగుళాల అల్లాయ్ రిమ్ము లోపలి అంచు వంగిపోయి ఉంది, టైరు పక్కన నిమ్మకాయంత బుడిపె లేచింది. ఆ కారు టైరులో రోడ్డుకూ రిమ్ముకూ మధ్య ఉండే సైడ్‌వాల్ ఎత్తు 86 మిల్లీమీటర్లే. అంత సన్నటి రబ్బరు ఆ దెబ్బకు ఆగలేదు.

ఆ ఏడాది నవంబరు నుంచి చలికాలానికి 17 అంగుళాల రిమ్ములు, వాటి మీద స్నో టైర్లు వేరే సెట్టుగా పెట్టుకున్నాను. మన హైదరాబాద్‌లో రిమ్ములు మార్పించడం అంటే పెద్దవి వేయించడమే. ఇక్కడ మంచులో బండి నడపాలంటే లెక్క తిరగబడుతుంది. రిమ్ము తగ్గితే ఆ మేరకు రబ్బరు పెరుగుతుంది. ఆ రబ్బరే గుంత దెబ్బ తింటుంది, రిమ్మును కాపాడుతుంది. పైగా 17 అంగుళాల టైరు సాధారణంగా 18 కన్నా చవక, స్నో టైర్లలో రకాలూ ఎక్కువ.

నాకు బాగా తెలిసిన కారు కాబట్టి ఇక్కడి అంకెలన్నీ జీఆర్ 86వే. దాని జంట కారు సుబారు బీఆర్‌జెడ్‌కూ ఇవే వర్తిస్తాయి. మీది వేరే కారైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ముందు బ్రేకు చూడండి, తర్వాతే రిమ్ము

రిమ్ములు కొనేటప్పుడు చాలామంది డిజైన్, రంగు, ధర చూసి, చివర్లో పడుతుందా లేదా అని అడుగుతారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా రివర్స్. రిమ్ము లోపల కూర్చోవలసింది బ్రేకు డిస్కు, దాన్ని పట్టుకునే కాలిపర్. అవి పట్టకపోతే మిగతా కొలతలన్నీ కుదిరినా ఆ రిమ్ము మీకు పనికిరాదు.

జీఆర్ 86కు 17 అంగుళాలు నిశ్చింతగా వేయొచ్చు. అమెరికాలో దీని బేస్ మోడల్‌కు కంపెనీయే 17 అంగుళాల రిమ్ములు ఇస్తుంది, 18 వచ్చేది ప్రీమియం మోడల్‌కు. 16 విషయంలోనే పొరబాటు పడతారు. జపాన్‌లో ఆర్‌సీ అనే మోడల్ 16 అంగుళాల స్టీల్ రిమ్ములతో వస్తుంది. అది చూసి మనకూ పడుతుందని అనుకోవద్దు, ఆ మోడల్‌కు బ్రేకు డిస్కులు కూడా చిన్నవే. 2024 నుంచి పెర్ఫార్మెన్స్ ప్యాకేజీతో వస్తున్న బ్రెంబో బ్రేకులు ఉంటే 17లో కూడా అన్ని డిజైన్లూ పట్టవు. ఆ కాలిపర్ లావు, స్పోక్ లోపలి వైపు వంపును బట్టి తగులుతుంది. రిమ్ము తయారీదారు దగ్గర బ్రేకు టెంప్లేట్ (రిమ్ము లోపలి ఆకారం అసలు సైజులో గీసిన బొమ్మ) ఉంటే ప్రింట్ తీసి, అట్ట మీద అంటించి కత్తిరించి, కాలిపర్ మీద పెట్టి చూసుకోండి.

నాలుగు కొలతలు కాగితం మీద రాసుకోండి

రిమ్ముకు సంబంధించి జీఆర్ 86 కొలతలు ఇవి: బోల్టుల వరస 5x100, హబ్ (కారు వైపు చక్రం కూర్చునే మధ్య భాగం) రంధ్రం 56.1 మి.మీ., ఆఫ్‌సెట్ ప్లస్ 48, వెడల్పు 7.5 అంగుళాలు.

5x100 అంటే అయిదు స్టడ్లు, వాటి మీదుగా గీసిన వృత్తం వ్యాసం 100 మి.మీ. ఈ వరస పాత టొయోటా కొరొల్లా, ప్రియస్ కార్లకు కూడా ఉంది. సెకండ్ హ్యాండ్‌లో ఆ రిమ్ములు చవగ్గా దొరుకుతాయి. కానీ వాటి మధ్య రంధ్రం 54.1 మి.మీ. మన హబ్ 56.1. రెండు మిల్లీమీటర్లు తక్కువ కాబట్టి రిమ్ము హబ్ మీద కూర్చోదు. రెండూ టొయోటాలే కదా అనే ధీమా ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే ఈ కారు హబ్బులు సుబారువి. అందుకే 5x100 ఉన్న పాత ఇంప్రెజా రిమ్ములకైతే మధ్య రంధ్రం సరిగ్గా సరిపోతుంది. బయట కంపెనీల రిమ్ములకు రంధ్రం పెద్దదిగా ఉంటుంది, ఎక్కువగా 73.1 మి.మీ. వాటికి 73.1 నుంచి 56.1కి తగ్గించే హబ్ రింగులు వేయాలి. అవి లేకపోతే చక్రం మధ్యకు రాదు, హైవే స్పీడులో స్టీరింగ్ వణుకుతుంది.

ఆఫ్‌సెట్ అంటే చాలామందికి అయోమయం. రిమ్ము వెడల్పుకు నడిమి గీత ఒకటి ఊహించుకోండి. హబ్‌కు ఆనే ముఖం ఆ గీత నుంచి ఎంత బయటి వైపుకు ఉందో అదే ఆఫ్‌సెట్. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం ఫెండర్ వైపుకు జరుగుతుంది, పెరిగితే లోపలికి పోతుంది. ఒక లెక్క చూడండి. కంపెనీ రిమ్ము 7.5 అంగుళాలు, ప్లస్ 48. మీకు 8 అంగుళాలు, ప్లస్ 45 రిమ్ము దొరికిందనుకోండి. బయటి అంచు 9 మి.మీ. పైగా ముందుకొస్తుంది, లోపలి అంచు షాక్ అబ్జార్బర్‌కు 3 మి.మీ. పైచిలుకు దగ్గరవుతుంది. పడుతుంది, కానీ మంచులో లావు టైరు కన్నా సన్న టైరే నయం. అది మంచును కోసుకుంటూ కిందికి దిగుతుంది, లావుది పైపైన తేలుతుంది. అందుకే నేను 17x7 రిమ్ములు తీసుకున్నాను.

టైరు సైజు లెక్క

18 నుంచి 17కి దిగుతున్నాం కదా అని 215/40 ఆర్18 బదులు 215/40 ఆర్17 కొంటే తప్పు. 215 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, చివరి అంకె రిమ్ము సైజు. 40 అనేది సైడ్‌వాల్ ఎత్తు, వెడల్పులో శాతం. రిమ్ము తగ్గినప్పుడు ఆ శాతం పెరగాలి. అప్పుడే టైరు మొత్తం ఎత్తు మారదు.

ఇలా వేసుకోండి. 215లో 40 శాతం 86. పైనా కిందా కలిపి 172. 18 అంగుళాలు అంటే 457.2 మి.మీ. మొత్తం 629.2. ఇప్పుడు 215/45 ఆర్17: సైడ్‌వాల్ 96.75, రెండు వైపులా 193.5, దానికి 431.8 కలిపితే 625.3. తేడా 0.6 శాతం. మీటర్‌లో 70 మైళ్లు చూపిస్తే నిజంగా పోయేది 69.6. ఏ ఇబ్బందీ లేదు. అదే 215/40 ఆర్17 వేస్తే మొత్తం 603.8 మి.మీ., అంటే 4 శాతం తక్కువ. కారు 12 మి.మీ. పైగా కిందికి దిగుతుంది, మీటరు 70 చూపినప్పుడు మీరు పోయేది 67. గుంతల కోసం రిమ్ము మార్చి, ఆ లాభం పోగొట్టుకున్నట్టే.

205/50 ఆర్17 కూడా మంచి సైజే. మొత్తం 636.8 మి.మీ., 1.2 శాతం ఎక్కువ. మూడు శాతం లోపు తేడా ఫర్వాలేదని మెకానిక్కులు అంటారు, నేను మాత్రం ఒకటిన్నర దాటనివ్వను. నాలుగు చక్రాలకూ ఒకే సైజు, ఒకే రకం టైరు వేయండి. బ్రేకు వేసినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ నాలుగు చక్రాల వేగాన్నీ పోల్చుకుంటూ ఉంటుంది. ఇంజిను తిప్పేది వెనక చక్రాలనే కదా అని రెండే స్నో టైర్లు వెనక వేసుకునే వాళ్లున్నారు. బండి కదులుతుంది, నిజమే. మలుపులో ముందు చక్రాలు మాట వినవు. ఆ పని మాత్రం చేయొద్దు.

టైరు మోయగల బరువును చెప్పే అంకె, లోడ్ ఇండెక్స్, కంపెనీ టైరు కన్నా తగ్గకూడదు. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది, 87 అంటే 545, 91 అంటే 615. స్పీడు అక్షరం మాత్రం చలికాలం టైర్లకు తక్కువే ఉంటుంది. టీ ఉంటే గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ ఉంటే 210. మంచు రోడ్డు మీద అంతకన్నా అవసరం రాదు.

టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు పువ్వు గుర్తు ఉందో లేదో చూడండి. ఆ గుర్తు ఉంటే మంచు మీద పరీక్ష పాసైన టైరు అని అర్థం. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) అని మాత్రమే ఉంటే అది సరిపోదు. తయారీ తేదీ కూడా చూడండి: టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే నంబరు చివర నాలుగు అంకెలు 3524 అని ఉంటే 2024లో 35వ వారం.

నట్లు, సెన్సర్లు

వీల్ నట్ల విషయంలో కాస్త ఆగండి. టొయోటా కార్లలో ఎక్కువగా ఎం12x1.5 మర ఉంటుంది. జీఆర్ 86కు సుబారు మర, ఎం12x1.25. కారు టొయోటా కదా అని టొయోటా నట్లు తెస్తే రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకుపోతాయి. బలవంతంగా పానా వేస్తే స్టడ్ మర పోతుంది. నట్టు కింది వాలు కూడా రిమ్ము గుంటకు సరిపోవాలి. బయటి రిమ్ములకు ఎక్కువగా 60 డిగ్రీల కోను నట్లు కావాలి, గుండ్రటి అడుగువి వాటిలో సరిగా కూర్చోవు.

అమెరికాలో 2008 మోడళ్ల నుంచి కార్లన్నిటికీ టైరు గాలి సెన్సర్లు తప్పనిసరి. రెండో సెట్టుకు మీ కారు ఫ్రీక్వెన్సీకి సరిపోయే సెన్సర్లు కొని, పాత వాటి నంబర్లు వాటిలోకి కాపీ చేయించుకుంటే ప్రతి నవంబరులో, ఏప్రిల్‌లో ప్రోగ్రామింగ్ టెన్షన్ ఉండదు.

టైరు ఎక్కించక ముందే రిమ్ము బిగించి చూడండి

ఇది నాకు నష్టపోయాక తెలిసింది. మొదటిసారి ఒక సెకండ్ హ్యాండ్ అమ్మకందారు "ఈ కారుకు పడతాయి సార్, గ్యారంటీ" అన్నాడు. ఆ మాట నమ్మి టైర్లు ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేయించి ఇంటికి తెచ్చాను. ముందు చక్రం బిగించి చేత్తో తిప్పితే కాలిపర్‌కు స్పోక్ గీసుకుంటున్న చప్పుడు. టైరు ఎక్కాక ఎవరూ వాపసు తీసుకోరు. ఆ నాలుగు రిమ్ములూ వేరేవాళ్లకు సగం ధరకు ఇచ్చుకున్నాను.

ఇప్పుడు ఏ రిమ్ము తెచ్చినా ఇలా చేస్తాను. పిల్లలు ఆడుకునే క్లే తీసుకుని శనగగింజంత ఉండలు చేస్తాను. కాలిపర్ మీద బయటికి పొడుచుకొచ్చిన చోట్ల రెండు, పై అంచు మీద రెండు అంటిస్తాను. ఖాళీ రిమ్ము పెట్టి, అయిదు నట్లూ చేత్తో బిగించి, మెల్లగా ఒక చుట్టు తిప్పి తీసేస్తాను. ఉండ నలిగిన చోట మందం స్కేలుతో చూస్తాను. మూడు మిల్లీమీటర్లు మిగిలితే నిశ్చింత. కాగితంలా పలచబడితే ఆ రిమ్ము వెనక్కి పోవాల్సిందే. క్లే అసలు నలగకపోతే ఇంకా సంతోషం. అయిదు నిమిషాల పని. తర్వాత క్లే మొత్తం గీకి తీసేయడం మర్చిపోవద్దు, బ్రేకు వేడికి అది కాలి అంటుకుపోతుంది.

బిగించే రోజు

పగటి వేడి 7 డిగ్రీల సెల్సియస్ దాటని రోజులు మొదలయ్యేలోపే మార్చుకోండి. ఆ చలికి వేసవి టైరు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది.

చదునైన నేల మీద బండి ఆపి హ్యాండ్ బ్రేకు వేయండి, గేరులో పెట్టండి, ఎత్తబోయే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు పావు చుట్టు వదులు చేయండి. మాన్యువల్ చూపించిన చోటే జాకీ పెట్టి ఎత్తండి. చక్రం తీసేముందు స్టాండ్ కూడా కింద పెట్టండి. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి చెయ్యి, తల పోనివ్వద్దు.

ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగిన కార్లకు హబ్ ముఖం మీద తుప్పు పేరుకుంటుంది. ఇనుప బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి, లేకపోతే రిమ్ము చదునుగా ఆనదు. హబ్ మధ్య గుండ్రటి అంచుకు తుప్పుతో అతుక్కోకుండా చేసే యాంటీ సీజ్ పేస్టు పలచగా రాస్తే వసంతంలో రిమ్ము తేలిగ్గా ఊడివస్తుంది. స్టడ్లకు మాత్రం నూనె గానీ గ్రీజు గానీ తగలనివ్వద్దు. మర జారుడుగా ఉంటే టార్క్ రెంచ్ (అనుకున్న బిగింపు రాగానే క్లిక్ మనే పానా) క్లిక్ మనేలోపు స్టడ్ మీద సాగేంత లాగుడు పడుతుంది.

స్నో టైర్లకు చాలావాటికి తిరిగే దిక్కు చూపే బాణం ఉంటుంది. ముందు అది సరిచూసుకోండి. నట్లు ముందు చేత్తో మర ఎక్కించండి. ఎయిర్ గన్‌తో మొదలుపెట్టవద్దు. పానాతో ఒకటి విడిచి ఒకటి, నక్షత్రం గీసినట్టు బిగించండి. బండి కిందికి దించాక టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకు అదే వరసలో పూర్తి చేయండి, అంటే దాదాపు 89 పౌండ్ అడుగులు. 50 మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడండి. నా కారుకు మొదటిసారి ఒక నట్టు ఇంకాస్త తిరిగింది, అప్పటి నుంచి ఈ పని ఒక్కసారి కూడా మానలేదు.

గాలి డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్‌లో ఉన్నంత, ఉదయం చల్లటి టైరులో పట్టండి. గరాజులో పట్టి బయటికి తెస్తే తగ్గుతుంది. ప్రతి 10 డిగ్రీల ఫారన్‌హీట్ చలికి ఒక పీఎస్ఐ చొప్పున పడిపోతుంది. మొదటి కొన్ని వందల మైళ్లు మెల్లగా నడపండి. ఎత్తు సైడ్‌వాల్, మెత్తటి రబ్బరు కాబట్టి స్టీరింగ్ తిప్పినప్పుడు కారు ఒక క్షణం ఆలస్యంగా కదిలినట్టు అనిపిస్తుంది. అది టైరు స్వభావం, అలైన్‌మెంట్ తప్పు కాదు.

తీసిన 18 అంగుళాల సెట్టు కడిగి ఆరబెట్టి, ఏ చక్రం ఎక్కడిదో లోపలి వైపు సుద్దముక్కతో రాసి, ఎండ తగలని చోట ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టండి. వేసవి టైర్లను గడ్డకట్టే చలి గరాజులో దొర్లించకండి, ఆ స్థితిలో వంగితే రబ్బరు పగుళ్లు తీయొచ్చు. మావి ఇంటి బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్‌కు దూరంగా ఒక మూలన, ఏప్రిల్ దాకా ఉంటాయి.