మామిడాకులా కనిపించే కోనిఫర్‌ని గుర్తుపట్టడం ఎలా

మన వైజాగ్‌లో బీచ్ పక్కన సరుగుడు తోట కనిపిస్తే చాలు, ఫొటో తీసి "పైన్ ఫారెస్ట్" అని స్టేటస్ పెట్టేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది పైన్ కాదండీ బాబూ, అసలు కోనిఫరే (అంటే పూలు లేకుండా, ఎక్కువగా శంకువుల్లో గింజలు పట్టే పైన్ లాంటి చెట్టు) కాదు, పూలు పూసే జాతి. సూదుల్లా వేలాడేవి ఆకులు కావు, లేత కొమ్మలు. ఒకటి తీసుకుని లాగి చూడండి, కణుపు దగ్గర టక్కున ఊడొస్తుంది, ఆ కణుపు చుట్టూ కిరీటంలా ఉన్న చిన్న చిన్న పళ్ళే అసలు ఆకులు.

ఇప్పుడు చెప్పబోయేది దీనికి పూర్తిగా రివర్స్ కేసు. చూస్తే మామిడో నేరేడో అనిపిస్తుంది, కానీ పక్కా కోనిఫర్. పేరు నగేయా వాలిచియానా, పాత పుస్తకాల్లో పోడోకార్పస్ వాలిచియానస్ అని ఉంటుంది, కలకత్తా బొటానికల్ గార్డెన్ చూసుకున్న నథానియెల్ వాలిచ్ పేరు మీద పెట్టారు. మలయాళంలో నిరంబలి అంటారు. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే కోనిఫర్ ఇదొక్కటే అని చెబుతారు, అదీ పడమటి కనుమల తడి అడవుల్లో అక్కడక్కడా, అగస్త్యమల వైపు, పెరియార్ టైగర్ రిజర్వ్‌లో. శబరిమల ఉన్నది ఆ రిజర్వ్‌లోనే కదా, అంటే మన వైపు నుంచి ఏటా మాల వేసుకుని వెళ్ళే స్వాములు ఈ చెట్టు ఉన్న అడవి దాకా వెళ్ళొస్తున్నారన్నమాట, తెలియక. ఈశాన్య రాష్ట్రాలు, బర్మా, మలేషియా మీదుగా న్యూగినీ దాకా కూడా ఉంది, కాబట్టి ప్రపంచం మొత్తం మీద అరుదు అనలేం, మన దక్షిణాదిలో మాత్రం అరుదే.

సరే, గుర్తుపట్టడం ఎలా? ముందు ఆకు. దాదాపు పనంతా ఆకుతోనే అయిపోతుంది. ఒక మామిడాకు కోసుకుని చేతిలో పెట్టుకోండి, పోల్చడానికి. మామిడాకు మధ్యలో లావుగా ఒక ఈనె, దాని నుంచి రెండు పక్కలకీ పిల్ల ఈనెలు, అవునా? నగేయాలో ఆ నడిమి ఈనె ఉండనే ఉండదు. కాడ దగ్గర నుంచి కొస దాకా సన్నటి ఈనెలు బోలెడు, వెదురాకులోలాగా పక్కపక్కనే నిలువుగా సాగి చివర్లో దగ్గరికొస్తాయి. కంటికి సరిగ్గా ఆనకపోతే ఆకు వెనక ఫోన్ టార్చ్ పెట్టండి. రాలిన ఆకు దొరికితే పొడుగునా చింపి చూడండి, ఈనెల వెంట నీటుగా చీలుతుంది. మరి వెదురు జాతేమో అని డౌట్ వస్తే, వెదురాకు అడుగున కొమ్మని చుట్టుకున్న తొడుగు ఉంటుంది, దీనికి ఉండదు, పైగా దీని మాను మామూలు కలప మానే.

ఆకు సైజు సుమారు 9 నుంచి 14 సెంటీమీటర్ల పొడవు, 3 నుంచి 5 వెడల్పు, లేత మొక్కల్లో ఇంకా పెద్దగా ఉంటాయి. దళసరిగా, తోలులా, మెరుస్తూ ఉంటుంది, కొస సాగి మొనదేలి ఉంటుంది. ఇంకోటి, మామిడిలో ఆకులు కొమ్మ చుట్టూ ఒక్కొక్కటిగా వస్తాయి, ఇక్కడ ఎదురెదురుగా జంటలు జంటలుగా వస్తాయి, ఆ జంటలు నిజానికి ఒకదానికొకటి అడ్డంగా పుడతాయి గానీ కాడ దగ్గర మెలి తిరిగి అన్నీ ఒకే తలంలో పరిచినట్టు సర్దుకుంటాయి. నాకైతే ఈ చెట్టులో అన్నిటికంటే ముచ్చటైనది ఆ మెలికే. చీకటి అడవిలో కింద పెరిగే మొక్కకి ఆ కాస్త వెలుతురూ ఒకదాని నీడ ఒకదాని మీద పడకుండా అందాలిగా మరి.

కాయ దొరికితే ఇంక డౌట్ లేదు. పైన్‌కి ఉండే చెక్క పొలుసుల శంకువు కోసం వెతక్కండి, దొరకదు. చిన్న ఉసిరికాయంత గుండ్రటి గింజ, ఒకటిన్నర సెంటీమీటర్ పైచిలుకు, పైన పల్చటి కండ, కింద ఉబ్బిన మెత్తటి కాడ. ఆడ చెట్లు, మగ చెట్లు వేరు, మగ చెట్టుకి చిన్న చిన్న కంకుల గుత్తులే వస్తాయి, కాయలుండవు. పెద్ద చెట్టు 50 మీటర్ల దాకా పోతుంది కాబట్టి పైకి చూసి మెడ నొప్పి తెచ్చుకోకుండా కింద రాలినవే వెతకండి.

దీనితో కన్ఫ్యూజ్ అయ్యేది అగాతిస్ అనే ఇంకో కోనిఫర్. దానికీ వెడల్పాకు, దానికీ నడిమి ఈనె లేదు. తేడా ఏంటంటే దాని ఆడ శంకువు బంతిలా పెద్దది, మానుకి గాటు పడితే జిగురు బాగా కారుతుంది. గాటు మీరు పెట్టకండి, ఉన్నది చూడండి చాలు. రిజర్వ్ అడవుల్లో మొక్క పీకడం, కొమ్మ విరవడం నేరం కూడా.

నర్సరీల్లో "పోడో" అని అమ్మేది ఎక్కువగా దీని చుట్టమైన పోడోకార్పస్ మాక్రోఫిల్లస్, సన్నటి ఆకు, నడిమి ఈనె స్పష్టంగా ఉంటుంది. నిజంగా నగేయానే దొరికితే, ఇది కొండ అడవి మొక్క, మన ఏప్రిల్ మే ఎండకి, ఉప్పు గాలికి తట్టుకుంటుందని ఆశ పెట్టుకోకండి, తూర్పు బాల్కనీలో నీడ పట్టున, ఆకుల ఎరువు కలిపిన మట్టిలో, నీళ్ళు నిలవకుండా పెట్టుకోవాలి.

మొన్న మా బావ "రెయిన్‌ఫారెస్ట్ కోనిఫర్" అని ఒక మొక్క గట్టి రేటుకే కొనుక్కొచ్చాడు. ఆకు వెనక టార్చ్ పెట్టాను, నడిమి ఈనె ట్యూబ్‌లైట్‌లా వెలిగింది. "ఈనె ఉంటే ఏటయ్యిందిరా, బతకదా ఏటి?" అన్నాడు. బతుకుతోంది, బానే ఉంది, పోడోకార్పస్‌గా.