క్లస్టర్ కావాలా, గ్రాఫ్ కావాలా? వ్యాపారానికి డేటాబేస్ ఎంచుకోవడం ఎలా

సీజన్ వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డులో తెల్లారకముందే టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతాయి. రైతు, కమీషన్ ఏజెంటు, వ్యాపారి, కోల్డ్ స్టోరేజీ, ఎగుమతిదారు... ఒక్కో టిక్కీ ఇన్ని చేతులు మారుతుంది. ఇలాంటి వ్యాపారానికి ఏ డేటాబేస్ పెట్టాలని అడిగేవాళ్లు సాధారణంగా రెండు కోరికలు కలిపి చెబుతారు: ‘సిస్టం ఆగకూడదు, ఏ సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇట్టే తెలియాలి.’ మొదటిది క్లస్టర్ (ఒకే డేటాను కలిసి నడిపే కొన్ని యంత్రాల గుంపు) తీర్చే కోరిక. రెండోది గ్రాఫ్ (దేనికి దేనితో సంబంధమో బిందువులు, గీతలుగా దాచే డేటాబేస్) తీర్చేది. ఈ రెంటినీ విడదీయకుండా కొనడం మొదలుపెడితే డబ్బు వృథా అవుతుంది.

ముందు ప్రశ్నలు రాయండి

కంప్యూటర్ దగ్గరికి వెళ్లకండి. గుమస్తాలనీ మేనేజర్లనీ కూర్చోబెట్టి, రోజూ వాళ్లు అడిగే ప్రశ్నలు ఒక ఇరవై కాగితం మీద రాయించండి. ‘ఇవాళ తేజ రకం క్వింటా ఎంత పలికింది?’ అనేదానికి మామూలు పట్టిక చాలు. ‘ఎగుమతికి వెళ్లిన లోడులో అఫ్లటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) తేలింది. ఆ సరుకు ఏ రైతులది? వాళ్ల సరుకే ఇంకే లోడుల్లో కలిసింది?’ అనేది వేరు. మధ్యలో సరుకు ఎన్నిసార్లు చేతులు మారిందో, ఎక్కడ కలిసిందో ముందుగా తెలియదు. ఎన్ని మెట్లు ఎక్కాలో తెలియని ఇలాంటి ప్రశ్నలే గ్రాఫ్ ప్రశ్నలు. ఇరవైలో ఒకటో రెండో ఉంటే గ్రాఫ్ డేటాబేస్ కొనే అవసరం దాదాపు లేనట్టే.

‘ఆగకూడదు’ అన్న మాటనూ అంకెల్లోకి మార్చండి. ఎన్ని నిమిషాలు ఆగితే తట్టుకోగలరు? చివర్లో రాసిన ఎంట్రీలు ఎన్ని పోయినా ఫర్వాలేదు? రెండో ప్రశ్నకు ‘ఒక్కటి కూడా పోకూడదు’ అనేది జవాబైతే, ప్రతి ఎంట్రీ రెండో యంత్రానికి చేరాకే ‘అయింది’ అనే సింక్రనస్ పద్ధతి పెట్టాలి. దానివల్ల రాసే వేగం కొంత తగ్గుతుంది.

క్లస్టర్లను పోల్చే తీరు

డిస్కు ఎవరిదన్నది మొదట చూడాలి. ఒరాకిల్ డేటాబేస్ క్లస్టర్ అయిన ర్యాక్‌లో సర్వర్లన్నీ ఒకే ఉమ్మడి స్టోరేజీ మీద పనిచేస్తాయి, మెమరీలోని బ్లాకులను ప్రత్యేక నెట్‌వర్కు మీద ఒకదానికొకటి పంపుకుంటాయి. సర్వరు పోయినా పని సాగుతుంది. కానీ స్టోరేజీ పోతే అన్నీ పోతాయి కాబట్టి విడిగా, వేరే స్టోరేజీ మీద సిద్ధంగా ఉండే స్టాండ్‌బై తప్పదు. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ మీద ర్యాక్‌కు వేరే లైసెన్సు కట్టాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2012 నుంచి ఉన్న అవైలబిలిటీ గ్రూపుల తీరు వేరు. అక్కడ ప్రతి యంత్రం దగ్గరా సొంత కాపీ ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ గ్రూప్ రెప్లికేషన్ కూడా ఆ కోవదే, అందులో తొమ్మిది యంత్రాల దాకా చేరవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో స్ట్రీమింగ్ రెప్లికేషన్ (మార్పులను ఎప్పటికప్పుడు రెండో యంత్రానికి పంపడం) 2010 నుంచి ఉంది, లైసెన్సు ఖర్చు లేదు. అయితే ప్రధాన యంత్రం పడిపోతే రెండోదాన్ని దానంతటదే పైకి తెచ్చే ఏర్పాటు లోపల లేదు. అందుకు పాట్రోని లాంటి సాఫ్ట్‌వేర్ జోడించాలి, దాన్ని నడపడం తెలిసిన మనిషి ఉండాలి. నా లెక్కలో ఆ మనిషి దొరుకుతాడా లేదా అన్నదే లైసెన్సు కంటే పెద్ద ప్రశ్న.

ఎక్కడైనా మూడు యంత్రాలకు తగ్గకండి. నేను పనిచేసిన ఒక సంస్థలో రెండే పెట్టాం. మంచి సీజన్లో వాటి మధ్య స్విచ్చి పాడైంది. రెండూ ‘నేనే ప్రధానం’ అనుకుని విడివిడిగా ఎంట్రీలు తీసుకున్నాయి. వాటిని కాగితం చీటీలతో సరిచూసి కలపడానికి రెండు రాత్రులు పట్టింది. మూడుంటే మెజారిటీ తేలుతుంది: ఒకటి పోయినా మిగతా రెండూ నిర్ణయం తీసుకుంటాయి. ఐదుంటే రెండు పోయినా తట్టుకుంటాయి.

అన్నీ ఒకే గదిలో మాత్రం పెట్టవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగింది. నేలమీది గదిలో మూడు సర్వర్లున్నా ముప్పై ఉన్నా అలాంటి రోజున ఒక్కటే. ఒక కాపీ వేరే ఊళ్లో ఉండి తీరాలి.

గ్రాఫ్ దగ్గరికి వస్తే

ఇప్పుడున్న డేటాబేస్‌లో ఏం చేయగలరో ముందు చూడండి. పోస్ట్‌గ్రెస్‌లో విత్ రికర్సివ్ క్వెరీ మెట్టు మెట్టుగా వెనక్కి వెళ్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017లో గ్రాఫ్ పట్టికలు వచ్చాయి. ఒరాకిల్ 23ఏఐలో ఎస్‌క్యూఎల్‌లోనే గ్రాఫ్ ప్రశ్నలు రాయవచ్చు.

నియో4జె లాంటి అసలు గ్రాఫ్ డేటాబేస్‌లో ప్రతి బిందువు తన పొరుగువాళ్ల చిరునామా తన దగ్గరే ఉంచుకుంటుంది. అడుగడుగునా ఇండెక్సు (వెతకడానికి ఉంచే సూచిక) తిరగేయదు కనుక మెట్లు పెరిగేకొద్దీ లాభం కనిపిస్తుంది. ఒక్క మెలిక: ఉచిత కమ్యూనిటీ ఎడిషన్‌లో క్లస్టర్ లేదు, ఎంటర్‌ప్రైజ్‌లోనే ఉంది. గ్రాఫ్‌ను ముక్కలు చేసి యంత్రాలకు పంచడమూ కష్టమే. ఎక్కడ కోసినా కొన్ని బంధాలు తెగుతాయి, తెగిన ప్రతిచోటా నెట్‌వర్కు దాటాలి.

సొంత డేటాతో పరీక్ష

కంపెనీవాళ్లు చూపించే డెమో మీద నిర్ణయం తీసుకోకండి. మీ గత సీజన్ ఎంట్రీలన్నీ ఎక్కించి, ఆ అఫ్లటాక్సిన్ ప్రశ్నను రెండు మెట్లతో, నాలుగుతో, ఆరుతో అడిగి సమయం రాసుకోండి. తర్వాత ఎంట్రీలు పడుతుండగానే ప్రధాన యంత్రం కేబుల్ లాగేయండి. పని ఎన్ని సెకన్లకు మళ్లీ మొదలైంది, ఎన్ని ఎంట్రీలు పోయాయి అన్నవి ఆ కాగితం మీదే పక్కన రాయండి.

యార్డు వ్యాపారం చేసే మధ్యస్థాయి సంస్థకైతే నేను మూడు యంత్రాల పోస్ట్‌గ్రెస్‌తో మొదలుపెట్టమంటాను. ఆరు మెట్ల ప్రశ్న ఓపికకు మించి సమయం తీసుకుంటే అప్పుడు పక్కన ఒక నియో4జె పెట్టి, రోజూ రాత్రి పోస్ట్‌గ్రెస్ నుంచి డేటా నింపండి. అసలు లెక్క పోస్ట్‌గ్రెస్‌లోనే ఉంటుంది కాబట్టి గ్రాఫ్ కాపీ పాడైనా మర్నాటికి మళ్లీ కట్టుకోవచ్చు, దానికి క్లస్టర్ లైసెన్సూ అక్కర్లేదు. ఈ పరీక్షలన్నీ యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడు పెట్టుకోండి. కొత్త పంట దిగే లోపు తప్పులు దిద్దుకోవడానికి నెలలు చేతిలో ఉంటాయి.