పాత సైనిక ట్రక్కుకు సరైన బ్రేక్ ఆయిల్ ఎంచుకోవడం

మెకానిక్కులు వాడుకగా బ్రేక్ ఆయిల్ అనే ద్రవం చాలా బండ్లలో నూనె కానే కాదు. ఇంజన్ ఆయిల్ వంటి పెట్రోలియం నూనె కొద్దిగా కలిసినా పెడల్ నొక్కగానే ద్రవాన్ని గొట్టాల్లోకి తోసే మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు కప్పులు (ద్రవం కారకుండా ఆపే సీళ్లు) ఉబ్బిపోయి బ్రేకులు పట్టేస్తాయి. అందుచేత కొత్త డబ్బా కొనడానికి ముందే, బండిలో ఇప్పుడున్న ద్రవం ఏదో, ఆ రబ్బరు దేనికి తట్టుకుంటుందో తెలుసుకోవాలి. అమెరికా సైన్యపు ఎం35 వంటి పాత ట్రక్కులలో చక్రాలన్నిటికీ కలిపి ఒకే హైడ్రాలిక్ సర్క్యూట్ ఉండేది కనుక, ఒక్క కప్పు చెడినా కాలి బ్రేకు మొత్తం పోతుంది.

అమెరికా సైన్యం 1980ల తొలి సంవత్సరాల్లో గ్లైకాల్ ద్రవాన్ని వదిలి సిలికాన్‌కు, అంటే డాట్ 5కు మారింది (డాట్ అన్నది బ్రేక్ ద్రవాలకు అమెరికా రవాణా శాఖ పేరిట ఉన్న ప్రమాణం). ఏళ్ల తరబడి నిలిపి ఉంచే బండ్లలో తుప్పు పట్టకూడదన్నది అందుకు ఒక ముఖ్య కారణం. అంతకుముందే సైన్యం నుంచి బయటపడిన బండిలో గ్లైకాల్ ఉండవచ్చు, తర్వాతి యజమాని ఏదైనా పోసి ఉండవచ్చు. సిలికాన్‌కు ఊదా రంగు వేస్తారు గాని, కాలక్రమేణా ఆ రంగు వెలిసిపోతుంది కాబట్టి దాన్ని నమ్మకండి. గాజు సీసాలో కొంత ద్రవం తీసుకుని నీళ్లు కలిపి చూడండి: గ్లైకాల్ నీటిలో కలిసిపోతుంది, సిలికాన్ విడిగా నిలుస్తుంది. మాస్టర్ సిలిండర్ పైడబ్బాలో ఉన్నది నిన్న పోసినది కావచ్చు గనుక, చక్రం దగ్గర గాలి తీసే మర అయిన బ్లీడర్ నుంచి కూడా నమూనా తీయాలి. సోవియట్ గాజ్-66 వంటి బండ్ల సంగతి వేరు. వాటిలో ఆముదం, బ్యుటైల్ ఆల్కహాల్ కలిపిన ఎర్రటి బీఎస్‌కే ద్రవం వాడేవారు. అదీ నీటిలో కలవదు, దానికి గ్లైకాల్ చేర్చకూడదు.

డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ గ్లైకాల్ జాతివే. 5.1 అన్న అంకె చూసి దాన్ని 5కు మెరుగైన రూపంగా భావించడం అతి ప్రమాదకరమైన పొరపాటు. ఆ రెండింటినీ ఎన్నడూ కలపరాదు. గ్లైకాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 కనీస మరిగే ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలైతే, సుమారు 3.7 శాతం నీరు చేరేసరికి 140 డిగ్రీలకు దిగుతుంది. బరువుతో పొడవాటి దిగుడులో డ్రమ్ములు కాలినప్పుడు ఆవిరి పుట్టి, పెడల్ నేలకు తగులుతుంది. పైగా ఇది చిందితే పెయింట్ లేచిపోతుంది.

సిలికాన్ పెయింట్‌ను చెరపదు, తేమను పీల్చదు. అయితే ఎలాగోలా లోపలికి చేరిన నీరు అందులో కరగక, అడుగున ఉండే వీల్ సిలిండర్లలో నిలిచి అక్కడే గుంటలు పడేలా తినేస్తుంది. గాలి దానిలో సులువుగా చిక్కుకుంటుంది కనుక డబ్బాను కుదపకుండా, నెమ్మదిగా పోసి, పెడల్‌ను తొందరపడకుండా నొక్కుతూ గాలి తీయాలి. అప్పటికీ పెడల్ కాస్త మెత్తగా అనిపించవచ్చు.

నా అభిప్రాయం ఇది: వ్యవస్థను విప్పే ఉద్దేశం లేకపోతే ఉన్న రకాన్నే కొనసాగించి, గ్లైకాల్ అయితే రెండేళ్లకొకసారి మార్చండి. ఏడాదిలో ఎక్కువ కాలం షెడ్డులో నిలిచి, ఎలాగూ పూర్తి మరమ్మతు జరగబోయే బండికి మాత్రం సిలికాన్ మేలు. ఆ మార్పుకు గొట్టాలను ఆల్కహాల్‌తో కడిగి బాగా ఆరబెట్టాలి. కప్పులు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి వేయాలి. గాలి సాయంతో పనిచేసే ఎయిర్‌ప్యాక్ ఉంటే దాన్ని కూడా విప్పి శుభ్రం చేయాలి, ఎందుకంటే చాలామంది మరచిపోయే పాత ద్రవం దాని సిలిండర్‌లోనే మిగిలి ఉంటుంది. పని ముగిశాక పోసిన రకాన్నీ తేదీనీ రేకు మీద రాసి మాస్టర్ సిలిండర్ మూతకు కట్టండి, ఎందుకంటే ఆ మూత తర్వాత మరొకరు తెరవవచ్చు.