రెండో ఒప్పందం చేతికి రాకుండా రెండో రాజీనామా వద్దు

పోయిన నెల మా కాలనీకి తిరిగివచ్చిన ఒక జంటను చూసి వచ్చాను. అప్పటినుంచి మనసు మనసులో లేదు. ఇద్దరూ ఇంగ్లీషు ఉపాధ్యాయులే. ఆయనకు పదహారేళ్ల అనుభవం, ఆమెకు పన్నెండేళ్లు. గల్ఫ్‌లో ఒక ప్రైవేటు పాఠశాల ఆయనకు ఉద్యోగం ఇచ్చింది. ఆమె సంగతి అడిగితే ఏజెంటు వాట్సాప్‌లో పెట్టిన సమాధానాన్ని నాకు చూపించారు. "మేడమ్ గారిది వచ్చాక చూసుకుందాం, ఖాళీ ఉంది." అంతే. ఆ ఒక్క ముక్కను నమ్మి ఇద్దరూ ఒకే రోజు రాజీనామా చేశారు. ఆమె విజిట్ వీసా మీద వెళ్లింది. అక్కడ ఖాళీ లేదు. ప్రొబేషన్ పూర్తికాకముందే ఆయన ఉద్యోగమూ పోయింది. ఇక్కడ ఆమె పాఠం చెప్పిన తరగతిలో ఇప్పుడు మరొకరు చెబుతున్నారు.

గల్ఫ్‌లోని సీబీఎస్ఈ పాఠశాలలకు విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. అంతకుముందు రెండు మూడు నెలలు హోటళ్లలో ఇంటర్వ్యూల హడావిడి ఉంటుంది. నేనూ మావారూ మాల్దీవుల్లోనూ గల్ఫ్‌లోనూ కలిపి పదకొండేళ్లు పాఠాలు చెప్పాం. పాస్‌పోర్టు గడువు చూసుకోండి, జిరాక్సులు దగ్గర పెట్టుకోండి అని మీకు చెప్పనక్కర్లేదు. అనుభవం ఉన్న జంటలే ఎక్కువగా చేసే తప్పు గురించి మాత్రం చెప్పాలి.

ఒకరి ఉద్యోగం మీద ఇద్దరి బతుకు

"ఒకరికి వచ్చింది కదా, రెండోవారికి అక్కడికి వెళ్లాక దొరక్కపోతుందా" అనుకుంటాం. ఇన్నేళ్ల అనుభవం ఉందన్న ధీమాయే అలా అనిపిస్తుంది. కానీ అక్కడ కుటుంబ వీసా అసలు ఉద్యోగి వీసాకు వేలాడుతూ ఉంటుంది. ఆయన వీసా రద్దయితే దాని మీద ఉన్న భార్యాపిల్లల వీసాలూ పోతాయి. యూఏఈలో కుటుంబాన్ని స్పాన్సర్ చేయాలంటే నెలకు 4,000 దిర్హాములైనా, లేదా 3,000 దిర్హాములతో పాటు వసతి అయినా ఉండాలి. భర్త వీసా మీద ఉన్న భార్య అక్కడ ఉద్యోగం చేయవచ్చు, నిజమే. కానీ పాఠశాల ఆమె పేరున విడిగా వర్క్ పర్మిట్ తీసుకోవాలి. అది లేకుండా ఒక్కరోజు తరగతిలో నిలబడినా చట్టవిరుద్ధమే.

అందుకే చెబుతున్నాను. రెండో ఒప్పందం చేతికి రాకుండా రెండో రాజీనామా ఇవ్వకండి.

ఇద్దరికీ ఒకేచోట ఉద్యోగం వచ్చినా ఒప్పందాన్ని అక్షరం అక్షరం చదవండి. మాల్దీవుల్లో మా ఇద్దరిదీ ఒకే యాజమాన్యం. ఒప్పందంలో "అవసరాన్ని బట్టి ఏ ద్వీపంలోనైనా" అని ఉంది. మేం దాన్ని పట్టించుకోలేదు. దిగాక ఆయనను ఒక ద్వీపానికి, నన్ను మరో ద్వీపానికి వేశారు. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. శుక్రవారం ఫెర్రీ నడిచేది కాదు. శనివారం వెళ్తే ఆదివారం బడి వేళకు తిరిగి రాలేను. జెట్టీ మీద నిలబడితే నీటి అవతల ఆయన ఉన్న ద్వీపంలోని కొబ్బరిచెట్లు గీతలా కనిపించేవి. ఏడాది పాటు సెలవులకు తప్ప కలుసుకోలేదు. "భార్యాభర్తలకు ఒకే ద్వీపంలో పోస్టింగు" అన్న మాట ఒప్పందంలో రాయించుకుని ఉంటే సరిపోయేది.

గల్ఫ్ ఒప్పందాల్లో "బ్యాచిలర్ స్టేటస్" అని ఉందేమో వెతకండి. ఉంటే కుటుంబానికి ఇల్లు ఇవ్వరని అర్థం. ఇద్దరికీ కలిపి ఒకే ఇంటి అలవెన్సు ఇస్తారా, విడివిడిగా ఇస్తారా, ఒకరు మానేస్తే రెండోవారు ఆ ఇంట్లో ఉండవచ్చా అని రాతపూర్వకంగా అడగండి.

ఏజెంటు

మనది డిగ్రీ చదువు. పదో తరగతి దాటినవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే విదేశంలో పనికి వెళ్లేముందు తీసుకునే ప్రభుత్వ అనుమతి, అక్కర్లేదు. ఇది సౌకర్యమని సంబరపడతాం. అసలు సంగతేమిటంటే, మన ఒప్పందాన్ని ప్రభుత్వం తరఫున ఎవరూ చూడరు. చూసుకోవాల్సింది మనమే. ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు, దాని గడువు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉన్నాయో లేదో చూడండి. నమోదైన ఏజెంటు ఒక్కొక్కరి దగ్గర తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకుమించి అడిగితే లేచి వచ్చేయండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థలే, ముందు అక్కడ అడగండి.

పేర్లు

మన ఇళ్లలో ఆడవాళ్లకు వచ్చే ఇబ్బంది ఇది. డిగ్రీ పట్టాలో పుట్టింటి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. వివాహ ధ్రువపత్రంలో ఇంకో రకంగా ఉంటుంది. మూడు కాగితాలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి. ముగ్గురు వేర్వేరు మనుషుల్లా ఉంటే అటెస్టేషన్, అంటే కాగితాలు అసలైనవేనన్న అధికారిక ధ్రువీకరణ, అక్కడే ఆగిపోతుంది. ఆయన కాగితాలు నెలలో పూర్తవుతాయి, ఆమెవి మిగిలిపోతాయి. అప్పుడే "మీరు ముందు వెళ్లండి, ఆమెను విజిట్ మీద తెచ్చుకుందాం" అన్న మాట మొదలవుతుంది. కాబట్టి ఆమె కాగితాల పని ముందు మొదలుపెట్టండి. వివాహ ధ్రువపత్రాన్నీ డిగ్రీతో పాటే అటెస్టేషన్‌కు పంపండి.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

విజిట్ వీసా మీద పాఠం చెప్పవద్దు, "డెమో" అన్నా సరే.

మాల్దీవుల్లో దిగగానే పర్యాటక వీసా ఉచితంగా ఇస్తారు. "ముందు రండి, తరవాత మారుస్తాం" అనేవారిని నమ్మకండి.

అటెస్టేషన్‌కు తప్ప ఒరిజినల్ పట్టాలు ఎవరి చేతికీ ఇవ్వకండి. పాస్‌పోర్టు అసలే ఇవ్వకండి.

బేసిక్ జీతం ఎంతో విడిగా చూడండి. యూఏఈలో ఏడాది సర్వీసు నిండినవారికి గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్కకడతారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. అలవెన్సులు పెంచి బేసిక్ తగ్గిస్తే వెళ్లిపోయేటప్పుడు చేతికి వచ్చేదీ తగ్గిపోతుంది.

యూఏఈలో నియామక ఖర్చులను ఉద్యోగి దగ్గర వసూలు చేయడం చట్టవిరుద్ధం. వీసా డబ్బు జీతంలో కోస్తామంటే సంతకం పెట్టకండి.

ప్రభుత్వ ఉపాధ్యాయులు శాఖ అనుమతి లేకుండా దేశం దాటవద్దు. రాజీనామాకు ముందు సెలవు దారి ఏదైనా ఉందేమో డీఈవో కార్యాలయంలో అడగండి.

థాయ్‌లాండ్‌లో ఉద్యోగం, వారంలో చేరాలి, టికెట్ మేమే ఇస్తాం అంటే వెళ్లకండి. అలా పిలిచి పక్కనున్న మయన్మార్‌కు చేర్చే ముఠాలున్నాయి. 2025 మార్చిలో మయన్మార్ సైబర్ మోసాల కేంద్రాల నుంచి మన ప్రభుత్వం 549 మందిని విమానాల్లో వెనక్కి తెచ్చింది. ఇంగ్లీషు బాగా వచ్చినవారే ఆ ముఠాలకు కావాలి.

ఆ పాఠశాలలో ఇప్పుడు పనిచేస్తున్న ఒక తెలుగు టీచరుతో మాట్లాడండి. ఏజెంటు ఇచ్చిన నంబరుకు కాదు, మీరు వెతికి పట్టుకున్న మనిషితో.

పిల్లల ఫీజు రాయితీ ఎంతమందికో రాయించుకోండి.

ఇద్దరి ఒప్పందాలూ, రెండు రాజీనామా లేఖలూ ఒకే రోజు బల్ల మీద పెట్టకండి. మొదట ఒకరు వెళ్లండి. రెండోవారు జీతం తీసుకుంటూ ఇక్కడే ఉండండి. వెళ్లినవారికి ప్రొబేషన్ పూర్తయి, రెండోవారి పేరున వర్క్ పర్మిట్ వచ్చి, మీ కంటితో చూశాకే ఆ రెండో లేఖ రాయండి. పర్మిట్ కాపీ ఒకటి ఇక్కడి ఇంట్లో బీరువాలో పెట్టి, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో వెళ్లేవారికి చెప్పండి.