ఇంటి వైరింగు – 4వ పాఠం: బేస్‌మెంటు దూలాల మీదుగా కేబుల్

కిందటి పాఠంలో బ్రేకర్ ప్యానెల్ నుంచి కేబుల్‌ను గోడ పైదాకా తెచ్చాం. ఇప్పుడు దాన్ని అవతలి గోడకు చేర్చాలి. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది, సీలింగు వేయని బేస్‌మెంటులో దూలాల అడుగునే కేబుల్‌ను అడ్డంగా లాగి స్టేపుళ్లు కొట్టేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. అలా వేలాడే కేబుల్‌కు ఎవరో ఒకరు తడిబట్టల హ్యాంగర్లు తగిలిస్తారు, నిచ్చెన మోసుకెళ్లేవారు దాన్ని గుద్దుతారు. లోపలి ఇన్సులేషన్ ఎక్కడ నలిగిందో పైకి కనబడదు.

అక్కడి జాతీయ విద్యుత్ కోడ్ ప్రకారం 14, 12 గేజ్ కేబుళ్లకు (గేజ్ అంటే తీగ లావు కొలత, అంకె తగ్గేకొద్దీ తీగ లావు) రెండే దారులు: దూలాల్లో రంధ్రాలు, లేదా దూలాల అడుగున బిగించిన చెక్కపలక. నేరుగా అడుగున బిగించే వీలు రెండు తీగల 6 గేజ్, మూడు తీగల 8 గేజ్, అంతకన్నా లావు కేబుళ్లకే ఉంది. నా ఓటు రంధ్రాలకే. రేపు సీలింగు వేసుకున్నా కేబుల్ అడ్డురాదు.

రంధ్రం ఎక్కడ పెట్టాలన్నదే ఈ పాఠంలో అసలు విషయం. బరువు పడినప్పుడు దూలం పైఅంచు నొక్కుకుపోతుంది, కింది అంచు సాగుతుంది. నడిమధ్య ఒత్తిడి తక్కువ. పేరుకు 2 బై 10 అంగుళాల దూలం నిజమైన ఎత్తు 9¼ అంగుళాలు. కింది అంచు నుంచి 4½ అంగుళాల ఎత్తులో దూలాలన్నిటి మీదా ఒకే వరుసలో గుర్తులు పెట్టండి. ఒక 12 గేజ్ కేబుల్‌కు ముప్పావు అంగుళం రంధ్రం చాలు. రంధ్రం దూలం పైఅంచుకు గాని, కింది అంచుకు గాని 2 అంగుళాల లోపు రాకూడదు, వ్యాసం దూలం ఎత్తులో మూడోవంతు దాటకూడదు. కింది అంచున గాడి కోసి కేబుల్ కూర్చడం మాత్రం వద్దే వద్దు. ‘ఐ’ ఆకారపు దూలాలైతే పై, కింది పట్టీలను ముట్టుకోకండి. నడిమి పలకలో ఎక్కడ తొలచవచ్చో తయారీదారు పట్టికలో ఉంటుంది.

దూలాల మధ్య సందులో మామూలు డ్రిల్లు నిటారుగా పట్టదు, రంధ్రం ఏటవాలుగా పడి దాని అంచు కేబుల్ తొడుగును గీరుతుంది. లంబకోణపు డ్రిల్లు అద్దెకు తెచ్చుకోండి. తొలిచేముందు అవతలి వైపు నీళ్ల గొట్టం, గ్యాసు గొట్టం, పాత కేబుల్ లేవని టార్చి వేసి చూడండి. లాగేటప్పుడు ఒకరు చుట్ట విప్పుతూ అందిస్తే మెలికపడదు. దూలాలు సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి కాబట్టి రంధ్రాలే కేబుల్‌ను మోస్తాయి, మధ్యలో స్టేపుళ్లు అక్కర్లేదు. కేబుల్ చేరాల్సిన స్విచ్చు లేదా ప్లగ్గు పెట్టె దగ్గర 12 అంగుళాల లోపు ఒక స్టేపుల్ కొట్టండి, తొడుగు నొక్కుపడనంత వదులుగా.

ప్యానెల్‌లో కలపకండి. ముందే తీసుకున్న పర్మిట్ ప్రకారం ఇన్‌స్పెక్టర్ చూశాక, 5వ పాఠంలో పెట్టెలోకి దించుదాం.