సంక్రాంతి సెలవుల్లో బాలి వెళ్లి ఏటీవీ ఎక్కేవారికి జాగ్రత్తలు

పాలమూరు, నల్లగొండ వైపు నుంచి ఈసారి బాలి వెళ్లేవారు ఇవి చూసుకోండి. ఏటీవీ అంటే మట్టి, బురద దారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి, బైకులా హ్యాండిల్ ఉంటుంది. హెల్మెట్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

కాలు కింద పెట్టకండి. బండి ఒరిగితే కాలు ఆనించడం బైకు నేర్పిన అలవాటు. నాలుగు చక్రాల ఏటీవీ మీద అలా చేస్తే వెనక చక్రం మడమ మీదికి ఎక్కుతుంది. పాదాలు ఫుట్‌రెస్టు మీదే ఉండాలి.

యాక్సిలరేటర్ సాధారణంగా కుడి బొటనవేలి కింద చిన్న మీటలా ఉంటుంది. భయపడి హ్యాండిల్ బిగించి పట్టుకుంటే వేలు దాన్నే నొక్కుతుంది, బండి ముందుకు దూకుతుంది. ముందు చదును నేల మీద రెండు చుట్లు తిరగండి, గైడు తొందరపెట్టినా సరే.

ప్రయాణ బీమాలో మినహాయింపుల పేజీ చదవండి. కొన్ని పాలసీలు ఏటీవీని సాహస క్రీడగా చూసి పరిహారం ఇవ్వవు. ఆస్పత్రి ఖర్చంతా మనదే.

జనవరి అక్కడ వానాకాలం, దారంతా బురద. చెప్పులు జారతాయి, బూట్లు వేసుకోండి.

చున్నీ, కండువా తీసేయండి. చక్రానికి చుట్టుకుంటాయి.

ఒక్కరి బండి మీద పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకోవద్దు. ఊళ్లో స్కూటీ మీద అందరూ చేసే పనే (అదీ తప్పే), ఇక్కడ మాత్రం బరువు మారితే మలుపులో బోల్తా పడుతుంది.